ఎందుకు పడలేదో చెప్పాలి కదా

నా రాతలు కంపోజ్ చేసే డీటీపీ సెంటరు ఒకటుంది. పెళ్లి శుభలేఖలు, కాలేజీ ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు, సందు దొరికితే నాలాంటివాళ్ల పుస్తకాలు. ప్రూఫు దిద్దేటప్పుడు ఆపరేటరు పక్కన స్టూలేసుకుని కూచోవడం నాకు అలవాటు. అక్షరాల మీద ఉండాల్సిన నా చూపు తరచూ తెర కింది మూలకు పోతుంటుంది. అక్కడ ఉన్నట్టుండి ఓ చిన్న పెట్టె పైకి లేస్తుంది. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, రీస్టార్ట్ చెయ్యాలి, ఇప్పుడా తర్వాతా అని అడుగుతుంది. ఆమె దాన్ని చదవదు. తల కూడా తిప్పదు. దీర్ఘం సరిచేస్తూ చేస్తూనే ఒక్క నొక్కుతో దాన్ని ‘తర్వాత’లోకి పంపేసి, మళ్లీ ఆ దీర్ఘం దగ్గరికే వచ్చేస్తుంది. “వేసేయొచ్చుగా అమ్మా?” అన్నానొకసారి. “వద్దు సార్. పడితే పడుద్ది, లేకపోతే మధ్యలో ఆగుద్ది. ఎందుకాగిందో ఎవరూ చెప్పరు. సాయంత్రానికి పేజీలివ్వాల సార్ నేను” అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆమెది బద్ధకం కాదు, తెలియనితనం అంతకన్నా కాదు. ఆ సిస్టమ్‌లో అను అనే తెలుగు ఫాంట్లున్నాయి, వాటిని నడిపే స్క్రిప్ట్ మేనేజరుంది, అడోబీ ఎప్పుడో పక్కన పెట్టేసిన పేజ్‌మేకర్ ఉంది. ఏ సిస్టమ్‌లో తెరిచినా అక్షరం అక్షరంగానే ఉండేలా చేసే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంటబెట్టుకునే వచ్చింది. అయినా మన డీటీపీ సెంటర్లలో అను ఇంకా నడుస్తూనే ఉంది. అనులో చేసిన పేజీని ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిపోయి కనిపిస్తాయి, అందులో తెలుగుందని కూడా పోల్చుకోలేం. అంటే ఆమె ఇన్నేళ్ల పనంతా ఆ సిస్టమ్ ఇవాళ ఉన్నట్టే రేపూ ఉండడం మీద ఆధారపడి ఉంది. దాన్ని ఎవరో, ఎక్కడినుంచో, రాత్రికి రాత్రి మార్చేస్తానంటే ఒప్పుకోకపోవడంలో తప్పేముంది? ఆ స్థానంలో నేనున్నా అలాగే నొక్కేవాణ్నేమో.

కానీ ఆ నొక్కుడుకు ఖరీదుంటుంది. 2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచం మీద పడినప్పుడు ఆ ఖరీదు అందరికీ కనిపించింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేగానీ తియ్యనంది. బ్రిటన్‌లో ప్రభుత్వాసుపత్రులు రోగుల్ని తిప్పి పంపాల్సి వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో చదివాం. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందు, మార్చి 14నే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లలో ఎంతమంది ఈ అమ్మాయిలా సాయంత్రానికి ఇవ్వాల్సిన పని గుర్తొచ్చి ‘తర్వాత’ అని నొక్కి ఉంటారు? ఆసుపత్రిలో స్కానింగు యంత్రాన్ని నడిపే మనిషి కూడా అంతే కదా, బయట బెంచీ మీద రోగులు కూచుని ఉండగా అప్‌డేట్ ఎలా వేస్తాడు? వాళ్లను అజాగ్రత్త మనుషులనడానికి నాకు మనసొప్పదు. వాళ్ల నమ్మకం ఎక్కడ పోయిందన్నదే నేను తెలుసుకోవాలనుకున్నది. అలా వెతుకుతూ 2024 జనవరి దగ్గర ఆగిపోయాను.

విండోస్‌కు ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వస్తాయి. 2003 అక్టోబరు నుంచి అదే ఆనవాయితీ. 2024 జనవరి 9న వచ్చినవాటిలో విండోస్ 10 కోసం ఒకటుంది, దాని నంబరు కేబీ 5034441. అది దిగేది, సగం దాకా నడిచేది, తర్వాత ఆగిపోయేది. అప్‌డేట్లు వెయ్యడంలో కొన్ని సమస్యలు వచ్చాయి, మళ్లీ ప్రయత్నిస్తాం అని ఒక వాక్యం, దాని పక్కన సున్నా, ఎక్స్, 80070643 అని ఒక సంఖ్య. మర్నాడూ అంతే. ఒక వీధిలోనో ఒక ఊళ్లోనో కాదు, ప్రపంచమంతా ఎన్నో సిస్టమ్‌లలో అదే వాక్యం, అదే సంఖ్య.

జనం ఏం చేస్తారు? అప్‌డేట్ పడట్లేదంటే అందరూ చెప్పే వైద్యమే చేశారు. ముందు రీస్టార్ట్. తర్వాత సెట్టింగ్స్‌లో ఉండే ట్రబుల్‌షూటర్. అదీ కాకపోతే అప్‌డేట్ సర్వీసును ఆపి, దిగిన ఫైళ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరును ఖాళీ చేసి, మళ్లీ మొదటినుంచి దింపించడం. ఆ తర్వాత ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అని కొట్టి, సిస్టమ్ ఫైళ్లలో పాడైనవి ఉంటే బాగుచేయించడం. దానికీ లొంగకపోతే డిజమ్ అనే ఆదేశంతో ఆ బాగుచేసే సరుకునే బాగుచేయించడం. ఇవి మంచి పద్ధతులే. సగం దిగిన ఫైలు అడ్డుపడ్డప్పుడు ఫోల్డరు ఖాళీ చేస్తే నిజంగానే పని జరుగుతుంది. కానీ ఆ జనవరిలో వీటిలో ఏదీ పనిచెయ్యలేదు. ఎందుకంటే రోగం అక్కడ లేదు.

రోగం మామూలుగా కంటికి కనిపించని చోట ఉంది. విండోస్ తన హార్డ్‌డిస్కులో చిన్న ముక్కను వేరుచేసి రికవరీ కోసం అట్టేపెట్టుకుంటుంది. సి డ్రైవ్, డి డ్రైవ్ అని మనం చూసేవాటిలో అది ఉండదు, దానికో అక్షరం కూడా ఉండదు. విండోస్ లేవలేనంతగా దెబ్బతిన్న రోజున సిస్టమ్ అక్కడినుంచి లేచి మరమ్మతు చేసుకుంటుంది. చాలా సిస్టమ్‌లలో దాని పరిమాణం 500 మెగాబైట్లకు అటూ ఇటూ. ఆ రికవరీ దారిలోనే ఒక లోపం బయటపడింది. సిస్టమ్ ఎవరి చేతికైనా చిక్కితే వాళ్లు అటునుంచి దూరి, విండోస్‌లోని బిట్‌లాకర్ అనే తాళంతో భద్రపరిచిన ఫైళ్లను చదివే వీలుంది. దాన్ని సరిచెయ్యడానికి వచ్చిన అప్‌డేట్‌కు ఆ చిన్న ముక్కలో 250 మెగాబైట్ల ఖాళీ కావాలి. లేదు. సంగతి అంతే. చోటు చాల్లేదు.

ఆ సంఖ్యను విప్పి చూద్దామని నాకో పట్టుదల పుట్టింది. మొదటి నాలుగంకెలు, 8007, ఇది విండోస్ సొంత లోపాల పట్టికలోది అని చెబుతాయి. మిగిలిన 0643 పదహారు అంకెల పద్ధతిలో రాసింది. మన దశాంశాల్లోకి మారిస్తే 1603 అవుతుంది. పట్టికలో 1603 ఎదుట రాసి ఉన్న అర్థం, ఇన్‌స్టాల్ చేస్తుండగా తీవ్రమైన లోపం వచ్చిందని. అంటే ఇన్‌స్టాల్ ఎందుకు కాలేదని అడిగితే ఇన్‌స్టాల్ కాలేదు గనక అని జవాబు. పోనీ ఇంతకన్నా వివరంగా చెప్పే వీలు ఆ పట్టికలో లేదా అంటే, ఉంది. 112 అంటే డిస్కు నిండిపోయింది అని. 5 అంటే అనుమతి లేదు అని. చోటు చాల్లేదని చెప్పే లోపం వేరే ఉందనీ, నిజానికి అదే కనిపించాల్సిందనీ, లోపాల్ని చూపించే భాగంలోని లోపం వల్ల ఈ 80070643 కనిపించిందనీ మైక్రోసాఫ్టే తర్వాత రాసింది. రికవరీ భాగమే లేని సిస్టమ్‌లకు ఈ అప్‌డేట్ అక్కర్లేదనీ, అక్కడ ఆ సందేశం కనిపించినా పట్టించుకోనక్కర్లేదనీ కూడా రాసింది. అది చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. చోటు చాలకపోవడం ఎవరి తప్పూ కాదు. కొన్నేళ్ల కిందట 500 చాలనుకున్నారు, చాల్లేదు. ఇంటికైనా అది మామూలే. కానీ ఆ ఒక్క ముక్క తెర మీదికి వచ్చి ఉంటే ఎంతమంది ఎన్ని రాత్రుళ్లు హాయిగా నిద్రపోయేవారు!

మా చిన్నప్పుడు ఇంటర్ ఫలితాలు పేపర్లో పడేవి. కాలేజీ కోడు కింద చీమతలకాయంత అక్షరాల్లో హాల్‌టికెట్ నంబర్లు, వరస తర్వాత వరస. మన నంబరు ఉంటే ఉంది. లేకపోతే వేలు ముందు నంబరు నుంచి తర్వాతి నంబరు మీదికి జారిపోయేది, మళ్లీ వెనక్కొచ్చి మళ్లీ జారేది. ఏ సబ్జెక్టులో పోయింది, ఒకటా రెండా, ఎన్ని మార్కుల తేడా, ఏదీ ఆ కాగితంలో ఉండదు. మార్కుల మెమో వచ్చేదాకా ఇంట్లో అందరూ తలా ఒక కారణం ఊహించేవారు. సినిమాలన్నారు, స్నేహాలన్నారు. మా పక్కింటి అన్నయ్యకు అన్నిట్లోనూ మంచి మార్కులొచ్చి ఒక్క కెమిస్ట్రీ పోయింది. మెమో వచ్చేలోగా వాడు తనకసలు చదువే అబ్బదని నిశ్చయించుకున్నాడు. కారణం తెలియని వైఫల్యం మనిషి తనను తనే అలా మొత్తంగా అనుమానించుకునేలా చేస్తుంది. ఇప్పుడు ఈ సంఖ్య చూసినవాళ్ల అవస్థ కూడా నాకు అలాగే అనిపిస్తుంది. సిస్టమ్ పాతబడిపోయిందేమో, హార్డ్‌డిస్కు పోతోందేమో, వైరసేమో, మొన్న పిల్లాడు ఏదో నొక్కాడు కదా, దానివల్లేమో.

ఈ అనుమానాలన్నిటికీ మన ఊళ్లలో ఒకే మందుంది. ఫార్మాట్ కొట్టించడం. అప్‌డేట్ పడకపోయినా, ప్రింటరు పలక్కపోయినా, సిస్టమ్ హ్యాంగవుతున్నా షాపుకు తీసుకెళ్తే అరగంట చూసి, “ఫార్మాట్ కొట్టేద్దాం సార్, డి డ్రైవ్‌లో వేసుకోండి అన్నీ” అంటారు. ఆ షాపు కుర్రాళ్లను నేను తక్కువ చెయ్యను. కారణం వెతకడానికి రోజంతా పట్టొచ్చు, ఆ రోజుకు కూలి ఎవరిస్తారు? ఫార్మాట్‌కైతే ధర ఉంది, ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది. ఈ అలవాటు వల్లే మనవాళ్లకు డి డ్రైవ్ మీద అంత భరోసా. ఉద్యోగం కాగితాలు, పిల్లల ఫొటోలు, పొలం పత్రాల స్కాన్లు, అన్నీ డి లోనే. సి పోతుందని తెలుసు, డి ఉంటుందని నమ్మకం. రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతకు అటూ ఇటూ ఉన్నాయనీ, డిస్కే పోతే రెండూ పోతాయనీ ఎవరూ చెప్పరు. అయినా అసలు విషాదం వేరే ఉంది. కేబీ 5034441 పడని సిస్టమ్‌కు ఫార్మాట్ కొట్టించినా, రికవరీ భాగం పాత కొలతతోనే మిగిలిపోతే, తిరిగొచ్చి అప్‌డేట్ పెడితే మళ్లీ అదే సంఖ్య ఎదురయ్యేది.

సరైన వైద్యాన్ని మైక్రోసాఫ్ట్ మెట్లు మెట్లుగా రాసి పెట్టింది. నేను ఆ మెట్లను చాలాసార్లు చదివాను, ఏదైనా మంచి వచనాన్ని చదివినంత శ్రద్ధగా. అడ్మినిస్ట్రేటరుగా నల్ల తెర తెరవాలి. రీఏజెంట్‌సీ అనే ఆదేశంతో రికవరీ ఏ భాగంలో ఉందో అడగాలి. దాన్ని నిలిపెయ్యాలి. తర్వాత డిస్క్‌పార్ట్‌లోకి దిగాలి. అక్కడ డిస్కుల జాబితా, భాగాల జాబితా వస్తాయి. విండోస్ ఉన్న భాగాన్ని ఎంచుకుని దాన్ని 250 మెగాబైట్లు కుదించాలి. ఆపైన రికవరీ భాగాన్ని ఎంచుకుని తుడిచెయ్యాలి. ఇక్కడ నాకు ప్రతిసారీ ఊపిరి బిగుస్తుంది. ఎందుకంటే డిస్క్‌పార్ట్ మరోమాట అడగదు. జాబితాలో ఒక్క అంకె పైకో కిందికో ఎంచుకుంటే తుడిచిపెట్టుకుపోయేది మొత్తం డి డ్రైవే కావచ్చు. అది దాటితే మళ్లీ రికవరీ భాగాన్ని కొత్తగా, పెద్దగా కట్టాలి. ముప్పై రెండు అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తింపును తప్పులేకుండా కొట్టాలి. ఫార్మాట్ చేసి, రికవరీని తిరిగి నిలబెట్టాలి. ఏ మెట్టుకా మెట్టు స్పష్టంగా రాశారు, అందులో లోటేమీ లేదు. కానీ ఎవరి కోసం రాశారు? ఈ పని తెలిసినవాడికి అన్ని మెట్లు అక్కర్లేదు. తెలియనివాడు ఆ తుడిచేసే మెట్టు దగ్గర చెయ్యి పెట్టకూడదు. కొన్ని నెలలు పోయాక కంపెనీ ఇంకోమాట ప్రకటించింది, దీనికి దానంతటది జరిగే పరిష్కారం రాదని, చేత్తో చేసుకోవాల్సిందేనని. రిటైరై ఇంట్లో కూచుని మనవరాలితో వీడియో కాల్ మాట్లాడుకునే పెద్దాయన డిస్క్‌పార్ట్‌లోకి దిగాలన్నమాట. నాకది అన్యాయంగానే తోస్తుంది.

వాళ్ల వైపునుంచి కూడా ఆలోచించి చూశాను. ఎన్ని కంపెనీల బోర్డులు, ఎన్ని రకాల డిస్కులు, ఒక్కో షాపులో ఒక్కోలా గీసిన భాగాలు! అన్నిట్లోనూ పడే అప్‌డేట్ రాయడం మాటలు కాదు. నడుస్తున్న ఫైలును నడుస్తుండగా మార్చడం కుదరదు కాబట్టే రీస్టార్ట్ అడుగుతారు. మధ్యలో చెడితే వేసినదంతా వెనక్కి తీసి పాత స్థితికి తెస్తారు. ఆ వెనక్కి తియ్యడం కూడా ఎంతో నేర్పున్న పని. ప్రతి వైఫల్యానికీ కారణం చెప్పమనడం అత్యాశేమో? అనుకుంటూ ఉండగా సీబీఎస్ లాగ్ సంగతి గుర్తొచ్చింది. విండోస్ ఫోల్డరులో లాగ్స్ అనే చోట ఆ ఫైలుంటుంది. అప్‌డేట్ వేసేటప్పుడు సిస్టమ్ తను చేసే ప్రతి పనినీ గంటా నిమిషం సెకనుతో సహా అందులో రాసుకుంటుంది. వేల వరుసలు. ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో చాలాసార్లు అందులోనే ఉంటుంది. అంటే తెలియక చెప్పకపోవడం కాదు. తెలిసినదాన్ని తనలో తను రాసుకుంటోంది, మనకు చెప్పే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. వేల వరుసల నుంచి ఒక్క వాక్యం తీసి తెర మీద పెట్టడం ఇంజినీర్లకు చేతగాని పనేమీ కాదు. అది ఎవరో ఒకరు ముఖ్యమనుకుంటే జరిగే పని.

అదే ఏడాది జులై 19న ఆ రికవరీ భాగం విలువేమిటో లోకానికి తెలిసొచ్చింది. మనకు ఉదయం తొమ్మిదిన్నర దాటాక క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ నుంచి ఒక అప్‌డేట్ వెళ్లింది. అది విండోస్ అప్‌డేట్ కాదు, ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ దించుకునే ఫైలు. దాంతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరకు వెళ్లిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కకట్టింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. పేరు, విమానం నంబరు, సీటు, అన్నీ పెన్నుతో. చెడ్డ ఫైలును గంటన్నరలోపే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయినవాటిని లేపడానికి చాలాచోట్ల మనిషి ఒక్కో యంత్రం దగ్గరికి నడిచి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లి, రికవరీలోకో సేఫ్ మోడ్‌లోకో దిగి, ఒక ఫైలు తుడిచి, రీస్టార్ట్ చెయ్యాలి. బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల తాళంచెవి వెతికి కొట్టాలి. జనవరిలో చోటు చాలక అప్‌డేట్ పడని ఆ మూల ముక్క నుంచే జులైలో చాలా యంత్రాలు బతికి బయటపడ్డాయి. ఎప్పుడో ఒక రోజు పనికొస్తుందని కట్టి వదిలేసినదాన్ని అన్నేళ్లూ సరిగా చూసుకోవాలని ఎవరికి తట్టింది?

క్రౌడ్‌స్ట్రైక్ తర్వాత చేసిన ఒక పని మాత్రం నాకు నచ్చింది. కారణాన్ని పూర్తిగా రాసి ప్రకటించింది. 21 అంశాలు ఉంటాయని అనుకున్న చోట 20 మాత్రమే అందాయని, లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయి సిస్టమ్ కూలిందని. అంత నష్టానికి అంత చిన్న కారణమా అని కోపం రాక మానదు. అయినా ఆ కోపానికి ఒక చోటు దొరికింది. ఏం సరిచేస్తే మళ్లీ జరగదో అందరికీ తెలిసింది. విమానం అందక నేల మీద పడుకున్నవాళ్లకు అది పరిహారం కాదనుకోండి.

కారణం చెప్పించుకోవడం జనానికి సాధ్యమేనని నాకు ఆశ పుట్టించిన సంగతి ఇంకొకటుంది. 2021 జూన్‌లో విండోస్ 11 ప్రకటించినప్పుడు, మీ కంప్యూటరుకు అది పడుతుందో లేదో చూసుకోమని మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇచ్చింది. జనం పెట్టి చూశారు. ఈ పీసీలో విండోస్ 11 నడవదు అంది. ఎందుకు నడవదో అనలేదు. కొత్తగా కొన్నవాళ్లు కూడా తమ సిస్టమ్‌లో ఏం లోపమో తెలియక తల్లడిల్లారు, గట్టిగా అడిగారు. కొద్దిరోజుల్లోనే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది, జనం ఆశించినంత వివరం అది ఇవ్వలేకపోయిందని ఒప్పుకుంది. కొన్ని నెలలకు మళ్లీ ఇచ్చినప్పుడు కారణాలు వరసగా కనిపించాయి. ప్రాసెసరు మద్దతున్న జాబితాలో లేదు. టీపీఎం 2.0 ఉండాలి. మెమరీ 4 జీబీ ఉంది, సరిపోతుంది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు ఆ వరసే చాలామందికి అక్కరకొచ్చింది. టీపీఎం అనే ఆ భద్రతా చిప్ బోర్డులో ఉన్నా ఆఫ్‌లో ఉన్నవాళ్లు బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేసుకున్నారు. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరు ఉన్నవాళ్లకు అది మారే వస్తువు కాదని అర్థమైంది. వాళ్లలో ఒకరు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకుంటే, ఒకరు లైనక్స్ వేయించుకున్నారు. ఇంకొకరు నెట్ తీసేసి, టైపింగు వరకు వాడుకుందామని దాన్ని అలాగే ఉంచేసుకున్నారు.